నేటి పూజకు నేటి పువ్వు

షోడశోపచారములలో పుష్పసమర్పణమునకు ఒక విశేషము కలదు. అర్ఘ్యపాద్యములకు నీరు చాలును. ధూపదీపములకు వలయు ద్రవ్యములు ఇంట నెలల తరబడి నిలువయుండును. పువ్వు ఒక్కటి మాత్రము ఏనాటికానాడు సేకరింపవలసిన వస్తువు. భగవద్గీత తొమ్మిదవ అధ్యాయమున 26వ శ్లోకములో భగవానుడు భక్తుని నుండి స్వీకరించు స్వల్పవస్తువులలో పువ్వును కూడ చేర్చినాడు. అది స్వల్పమే. కాని నేటి నగరజీవనమున దానిని సులభమనుటకు వీలులేదు.

పూజకు తగని పువ్వులను గూర్చి పెద్దలు చెప్పిన నియమములు మన ఇండ్లలో నేటికిని వినబడుచునే యుండును. వాసన చూచినది, పురుగు తొలిచినది, నేలరాలినది, వాడినది, ముందునాడు కోసి నిలువయుంచినది పనికిరావు. నిలువయున్న దానిని శాస్త్రపరిభాషలో పర్యుషితమందురు. వీనికి కొన్ని మినహాయింపులు కలవు. పారిజాతము రాత్రి పూసి తెల్లవారుజామున తనంతట తానే రాలును గనుక దానికి నేలరాలిన దోషము లేదు. తులసికి, మారేడుకు పర్యుషిత దోషము లేదు. తామరకు కొన్ని దినముల గడువిత్తురు. వివరములలో సంప్రదాయభేదములు ఉన్నను మూలసూత్రమున భేదము లేదు: పువ్వు సజీవమైన తాజాదనముతో దేవుని చేరవలెను.

మరియొక తరతమభేదము కూడ పెద్దలు చెప్పుచుందురు. తన తోటలో పెంచినది ఉత్తమము, వనమున సేకరించినది మధ్యమము, వెలయిచ్చి కొన్నది అధమము. ఈ మాట విన్నంతనే నగరవాసికి గుండె కలుక్కుమనును. తోట లేదు, వనము లేదు, మిగిలినది అంగడియే. అట్లయిన ఆతని పూజ అంతయు మూడవ తరగతిదేనా? ఈ ప్రశ్నను లింగంపల్లి వంటి ఒక్క ఊరిని దృష్టియందుంచుకొని విచారించుట ఈ వ్యాసమున సంకల్పించిన పని.

దానికి ముందు తిరుమలకొండ మీది ఒక వృత్తాంతమును స్మరింపవలసియున్నది. శ్రీరంగమున భగవద్రామానుజులు తమ శిష్యులను చూచి, తిరుమలకు పోయి స్వామికి పుష్పకైంకర్యము చేయగలవారెవ్వరని అడుగగా, ఆ కాలమున కొండమీది చలికిని అడవికిని అందరును వెనుదీయగా, అనంతాళ్వారు ఒక్కడే అంగీకరించెనని సంప్రదాయకథ. ఆతడు కొండకు చేరి చేసిన మొదటి పని గమనింపదగినది. మైదానము నుండి పూలను మోయించుకొనిరాలేదు. కొండమీదనే నేల చదునుచేసి, నీటికొరకు చెరువు త్రవ్వి, గురువు పేర తోట వేసెను. గర్భవతియైన భార్య మట్టి మోయుచుండగా బాలుని రూపమున స్వామియే వచ్చి తట్ట అందుకొనెననియు, తన కైంకర్యమునకు అడ్డువచ్చెనని ఆళ్వారు గునపము విసరగా స్వామి గడ్డమునకు గాయమయ్యెననియు, నేటికిని మూలమూర్తి గడ్డమున పచ్చకర్పూరము ఉంచుటకు అదియే కారణమనియు భక్తులెరుగుదురు. ఆ కథలోని అద్భుతము అటుంచి, అందలి వ్యవసాయమును చూడుడు. ఏ నేలపై దేవుడు వెలసెనో ఆ నేలపై పూచిన పువ్వునే ఆయనకీయవలెనని ఆళ్వారు గునపము పట్టెను. శ్రీవిల్లిపుత్తూరున విష్ణుచిత్తుడు చేసినదియు, శ్రీరంగమున విప్రనారాయణుడు చేసినదియు ఇట్టి తోటపనియే.

ఇక లింగంపల్లి మాట. పేరులోనే లింగమును ధరించిన ఈ ఊరి మీదుగా 1874లో వాడి–సికింద్రాబాదు రైలుమార్గము పడినది. 1960ల దశకమున ప్రక్కనే రామచంద్రాపురములో బి.హెచ్.ఇ.ఎల్. కర్మాగారము వచ్చెను. 1974లో హైదరాబాదు విశ్వవిద్యాలయము ఏర్పడెను. 1998లో మాదాపురమున సైబర్ టవర్స్ భవనము ప్రారంభమైన పిదప పరిసరములు మారిన వేగమును ఇక్కడి పాత కాపురస్థులనే అడుగవలెను. 2003లో ఎం.ఎం.టి.ఎస్. రైళ్ళు నడువజొచ్చెను. 2007లో శేరిలింగంపల్లి పురపాలక సంఘము హైదరాబాదు మహానగరమున కలిసిపోయెను. జొన్నచేలు, వరిమడులు ఉన్న చోట్ల ఇరువది అంతస్తుల భవనములు లేచినవి. పదునైదవ అంతస్తున కాపురమున్న గృహిణి ఉదయమున దీపము వెలిగించి, పువ్వుకొరకు తలుపు తీసి చూచును. గడియకు వ్రేలాడుచున్న చిన్న సంచిలో నాలుగు గులాబీలు, గుప్పెడు చామంతిరేకులు ఉండును. లేదా చరవాణిలో కోరిన కొద్ది నిమిషములకే ఒక పొట్లము వచ్చును. దానిపై తూకము, వెల అచ్చువేసియుండును. పూచిన ఊరి పేరు చాలవరకు కానరాదు.

పూలు దొరకుట నేడు కష్టము కాదు. అది ఏ నేల పువ్వో, ఏనాటి పువ్వో తెలియకపోవుటయే కష్టము. పర్యుషితము పనికిరాదను నియమమును శ్రద్ధగా పాటింపదలచిన వానికి, పొట్లములోని పువ్వు కోసి ఎన్ని దినములైనదో తెలిసికొను ఉపాయము లేదు. శీతలగృహమున నిలువచేసిన పువ్వు పైకి తాజాగానే కనబడును. వెలికివచ్చిన కొద్ది గంటలకే నిజము బయటపడి రేకులు వ్రేలాడును.

హైదరాబాదు పూలకు టోకు అంగడి గుడిమల్కాపూర్, మెహదీపట్నమునకు సమీపమున ఉన్నది. పూర్వము ఈ వ్యాపారము మొజంజాహీ మార్కెట్టు ప్రక్కన జాంబాగులో సాగెడిది. తెల్లవారకముందే అక్కడ బేరములు మొదలగును. చేవెళ్ళ, మొయినాబాదు, శంకర్‌పల్లి, వికారాబాదు ప్రాంతముల నుండి రైతులు బంతి, చామంతి, గులాబీ, లిల్లీ పూలను మూటలుగా, గంపలుగా తెత్తురు. కర్ణాటకము నుండియు, ఆంధ్రదేశము నుండియు లారీలమీద వచ్చునవి వేరు. అన్నియు ఒకే ఆవరణలో రాశులుపడును. అక్కడినుండి చిల్లరవారు కొని లింగంపల్లి, చందానగర్, నల్లగండ్ల, కొండాపూర్‌లకు చేర్తురు. కనుక శంకర్‌పల్లి చేనిలోని పువ్వు ముందు గుడిమల్కాపూర్‌కు పోయి, మరల లింగంపల్లికి తిరిగివచ్చుటయు కద్దు. లింగంపల్లి నుండి పడమరగా పోవు రైలు తెల్లాపూర్, నాగులపల్లి దాటి కొద్దిసేపటికే శంకర్‌పల్లిని చేరును. ఆ సూటిదారి యుండగా పువ్వు ఇంత ప్రదక్షిణము చేయుట వింతగా తోచును. కాని రైతును ఆక్షేపించి లాభములేదు. ఒకేసారి మొత్తము సరుకు తీసికొనువాడు అక్కడ ఉన్నాడు. లింగంపల్లిలో మూర చొప్పున, పావుకిలో చొప్పున కొనువారున్నారు గాని, వారు ప్రతిదినము కొందురను నమ్మకము ఆతనికి లేదు.

స్టేషను వైపు వీధులలోను, కూరగాయల అంగడి దరిని పూలగంపలతో కూర్చుండు స్త్రీలలో కొందరు తమ పూలు తామే తెచ్చుకొందురు, కొందరు కొని అమ్ముదురు, పెక్కుమంది రెండును చేయుదురు. చూచినంత మాత్రమున తెలియదు. అడుగవలెను. ఒకనాడు అట్లడుగగా ఒక తల్లి చెప్పిన సమాధానము ఈ వ్యాసమునకంతటికిని సరిపోవును. “ఏ ఊరి పూలమ్మా ఇవి?” అన్నంతనే ఆమె, “బంతి మాదే సారూ, శంకర్‌పల్లి అవతల మా ఊరు. పొద్దుగాల తెంపిన. గులాబీ మాత్రం మాది గాదు, మార్కెట్ల కొన్న” అన్నది. దాపరికము లేదు. ఎవరును అడుగరు గనుక ఎవరును చెప్పరు, అంతియే. పువ్వు ఏ ఊరిది, ఎప్పుడు తెంపినది, ఎవరు తెంపినది అని మర్యాదగా అడిగినవానికి నాలుగు దినములలో ఏ గంప ముందు నిలువవలెనో తెలియును. ఆ పిదప ఆ గంప వద్దనే ప్రతిదినము కొనవలెను. పండుగనాడు మాత్రమే కొనువాడు పువ్వును కొనుచున్నాడు గాని తోటను నిలుపుటలేదు.

ఈ మాటకు కారణము చెప్పవలెను. పూల ధరవలె ఎగసిపడు ధర మరియొకటి లేదు. వరలక్ష్మీవ్రతమునకు, దసరాకు, దీపావళికి ఆకాశమంటును. పండుగ మరునాడు పాతాళమునకు దిగును. కోతకూలి కూడ గిట్టక పువ్వును చెట్టుననే వదలివేయు రైతులున్నారు. బంతి నాటిన సుమారు రెండు నెలలకు కోతకు వచ్చి, ఆపైన రెండు నెలలకు పైగా పూయుచునే యుండును. అందు పండుగలు ఎన్ని? మిగిలిన దినములలో ఆ పువ్వును నిత్యార్చన చేయువారు గాక మరెవరు కొందురు? మంగళవారము నాటి పావుకిలో బంతియే ఆ చేనిని బంతిచేనుగా ఉంచును. లేనిచో అది ఇండ్లస్థలములుగా విడిపోవుటకు ఎంతో కాలము పట్టదు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయముల రక్షణకై 1996లో వెలువడిన 111వ సంఖ్య ప్రభుత్వోత్తర్వు పరివాహకప్రాంతపు 84 గ్రామములలో నిర్మాణములను కట్టడిచేసినది. మొయినాబాదు, శంకర్‌పల్లి, చేవెళ్ళ మండలముల పల్లెలు వానిలో ఉన్నవి. నీటికొరకు పెట్టిన ఆ కట్టడి నీడన పూలతోటలు కూడ బ్రతికినవి. 2022లో 69వ సంఖ్య ఉత్తర్వు ఆ ఆంక్షలను సడలించినది. నగరము అటువైపు అడుగు వేయుచున్నది. దీనిపై రాజకీయ వాదములు ఈ పత్రికకు తగవు. పూజకు పువ్వు కోరువారికి మాత్రము ఇది పరాయి విషయము కాదు.

స్థానికమైన పువ్వు అనగా ఏది? ఇచట ఒక అపోహను తొలగింపవలెను. బంతి మెక్సికో ప్రాంతపు మొక్క, సముద్రముపై వచ్చినది. చామంతికి చీనాదేశము పుట్టినిల్లు. అందుచేతనే కాబోలు, కొన్ని ఆలయములలో బంతిని తోరణములకు వాడుదురే గాని అర్చనకు వాడరు. కాని మన చేలలో, మన రైతుచేతిలో నేడు పూచినది మన పువ్వే. వంశమును విచారించుట మాని, ఋతువును విచారించుట మేలు.

ఋతువును తెలిసినవాడు మోసపోడు. చైత్రవైశాఖములు మల్లెకు కాలము. మల్లెను మొగ్గగా, ఎండ పొడుచూపకముందే కోయుదురు. అది ఆ సాయంకాలమునకు విచ్చును. కనుక మల్లె సాయంపూజకు తగిన పువ్వు. ఉదయపూజకు విచ్చిన మల్లెలు దొరకినచో అవి నిన్నటివని తెలిసికొనవలెను. చామంతి స్వభావము వేరు. పగటి నిడివి తగ్గిన కొలది అది మొగ్గతొడుగును. అందుచే కార్తీకము మొదలు మాఘము వరకు మన ప్రాంతపు చామంతి సమృద్ధిగా వచ్చును. మండువేసవిలో కనబడు చామంతి ఎచ్చటిదని అడిగి తీరవలెను. కనకాంబరమునకు వాసన లేకున్నను దండలో నిలుచు గుణము ఎక్కువ. లిల్లీ యని మనము పిలుచు నేలసంపెంగ దుంప నాటి పెంచునది, రాత్రి పరిమళించునది. ఏడాది పొడుగునను ఒకే తీరున, ఒకే పరిమాణమున దొరకు పొడుగుకాడ గులాబీ చాలవరకు ప్లాస్టిక్ కప్పుల క్రింద పెంచినది. అది పూజకు తగదని చెప్పుటలేదు. కాని నారాయణునికి నవంబరున ఏ పువ్వు ఇత్తుమో మే నెలలో కూడ అదే కావలెనని పట్టుబట్టుట భక్తి అనిపించుకొనదు.

ఆశ్వయుజమున తెలంగాణపు ఆడపడుచులు ఈ పాఠమును శాస్త్రము చదువకయే చేసిచూపుదురు. బతుకమ్మకు కావలసిన గునుగు, తంగేడు ఎవరును నాటి పెంచినవి కావు. వానలు పడిన పిదప బీళ్ళలో, గట్లమీద, చేల అంచులలో తామే మొలచి పూయును. బంతి, గుమ్మడిపువ్వు, కట్ల, సీతమ్మజడ వానికి తోడగును. మొదటినాటిదానికి ఎంగిలిపూల బతుకమ్మయని పేరు. ముందునాడే తెచ్చియుంచిన పూలతో పేర్చుటవలన ఆ పేరు వచ్చెనని ఒక వివరణ కలదు. ఒకరాత్రి నిలువయున్నంత మాత్రమున పువ్వును ఎంగిలి యన్న సున్నితము ఆ పల్లెజనులది! నేడు లింగంపల్లి అంగడిలోను ఆ దినములలో గునుగు కట్టలు, తంగేడు రెమ్మలు రాశులుగా అమ్మకమునకు వచ్చును. వానిని తెచ్చువారు చాలవరకు చుట్టుప్రక్కల పల్లెలవారే. గునుగును రంగునీళ్ళలో ముంచుట బతుకమ్మ అలంకారమునకు వాడుకయే గాని, ఇంటి దేవతార్చనకు తెల్లగా ఉన్నదానినే కోరి తీసికొనుట మంచిది. వినాయకచవితి పత్రి విషయమును ఇట్టిదే. ఇరువదియొక్క ఆకుల పేర ఏ కొమ్మలనో కట్టగట్టి అమ్ముచున్నారు. ఆకులను గుర్తింపగల పెద్దలు ఇంటనుండగానే పిల్లలకు చూపించుకొనవలెను.

కొనునపుడు కన్ను ఎచ్చట నిలువవలెను? బంతిని తలక్రిందు చేసి తొడిమ చూడవలెను. కోసిన చోట పచ్చదనము, తడి ఉన్నచో అది నేటిది. ముదురుగోధుమరంగు తిరిగినచో నిన్నటిది, అంతకు ముందుది. చామంతికి అడుగురేకులు ముందుగా వాడును, మీదిరేకులు మోసపుచ్చును. గులాబీకి వెలుపలి రేకులు ఒలిచివేసి కొత్తదిగా చూపు అలవాటు కలదు. పువ్వు చిన్నదై, తొడిమ మాత్రము పెద్దదిగా కనబడినచో అనుమానింపవలెను. అదేపనిగా నీళ్ళు చల్లిన దండను రెండు వ్రేళ్ళతో విడదీసి లోపలి పువ్వు చూడవలెను. వాసన చూచి కొనరాదు గదా యని సందేహము కలుగును. దేవునికి ఇచ్చు పువ్వును ముక్కునకు చేర్పనక్కరలేదు, గంప ప్రక్క నిలుచున్న చాలును, గాలియే చెప్పును. మూర విషయమున బేరమాడువారికి ఒక మనవి. మూర అనగా అమ్ము తల్లి మోచేతి నుండి వ్రేలికొస వరకు. కొందరి చేతులు పొట్టివి. అందుకు ఆమెతో తగవుపడుట తగదు.

అంగడిని గూర్చి ఇంత చెప్పితిని గాని, అంగడికి ఒక హద్దు కలదు. అచ్చట దొరకునది ప్రయాణమునకు ఓర్చు పువ్వు మాత్రమే. మందారము ఉదయము విచ్చి సాయంకాలమునకు ముడుచుకొనును. నందివర్ధనము కోసిన కొద్దిసేపటికే కందును. పారిజాతము చేయి తగిలిననే నలుగును. శంఖుపుష్పము, నిత్యమల్లె, గన్నేరు, శివునికి ప్రీతియైన తుమ్మి, వీనిని గంపలకెత్తి అమ్ముట అరుదు. మన దేవతలకు మిక్కిలి ప్రియమని చెప్పబడిన పువ్వులలో సగము బేరమునకు లొంగనివే! ఇవి దొరకవలెనన్న చెట్టువద్దకు పోవలెను.

ఇచటనే కాలనీలలోని ఒక అలవాటును ప్రస్తావింపక తప్పదు. తెల్లవారుజామున నడకకు బయలుదేరిన పెద్దలు కొందరు చేతిలో కవరుతో, ఎదుటివారి ప్రహరిపై వ్రాలిన మందారకొమ్మలను ఇంటివారు లేవకముందే ఖాళీచేయుదురు. దేవునికై కోసిన పువ్వునకు దొంగతనపు దోషము లేదని సమర్థించుకొందురు. ఆ చెట్టుకు నీరుపోసిన ఇల్లాలికి తన పూజకు ఒక్క పువ్వు మిగులకున్నచో ఆ పుణ్యము ఎవరి ఖాతాలో పడునో వారే చెప్పవలెను. గంట కొట్టి, “అమ్మా, నాలుగు పూలు కోసుకొందునా?” అని అడిగినచో కాదనువారు మన వైపున అరుదు. అట్లడిగి తెచ్చిన నందివర్ధనము, అడుగక తెచ్చిన బుట్టెడు పూలకంటె వేయిరెట్లు మేలు. కరుణశ్రీ ‘పుష్పవిలాపము’ను ఘంటసాలవారి గళమున విని కంటనీరు పెట్టుకొన్న జాతి మనది. పువ్వుకొరకు కరగిన గుండె పూలచెట్టు పెంచినవారికొరకు కరగకుండునా?

పదునైదవ అంతస్తున ఉన్నవారికిని తోట పూర్తిగా దూరము కాదు. ఎండ నాలుగైదు గంటలు పడు వసారాలో ఒక పెద్దకుండీలో మందారము, మరియొకదానిలో నందివర్ధనము పెరుగును. శంఖుపుష్పపు తీగ గింజ నుండియే మొలచి కటకటాలకు ప్రాకును. మందారమునకు పిండినల్లి పట్టుట సహజము. తొలినాళ్ళలోనే నీటిధారతో గట్టిగా కడిగి, వేపనూనె కలిపిన నీరు చల్లినచో అదుపునకు వచ్చును. రోజుకు రెండు పువ్వులైనను ఇంటిలోనివి ముందు సమర్పించి, తక్కినవి గంపనుండి కొన్నవి చేర్చినచో, తరతమభేదములో చెప్పిన ఉత్తమము, అధమము ఒకే పళ్ళెరమున కూడును. ఆ అధమమును సైతము ఊరడిగి, దినమడిగి, ఋతువెరిగి, పండించిన చేతికి దగ్గరగా కొన్నచో దానిని అధమమని త్రోసివేయుట న్యాయము కాదని నా అభిప్రాయము. వనమున తిరిగి వెదకువాని శ్రమ ఎట్టిదో, వీధిలో అడిగి వెదకువాని శ్రమయు అట్టిదే.

నిర్మాల్యమును గూర్చి రెండు మాటలు. పూర్వము బావిలోనో ప్రవాహములోనో విడిచెడివారు. ఇక్కడి చెరువులు ఇప్పటికే మురుగు మోయుచున్నవి, వానిలో సంచులతోసహా నిర్మాల్యమును విసరుట పాపమే. తిరుమల తిరుపతి దేవస్థానము 2021లో ఆలయములలో వాడిన పూలతో అగరువత్తులు చేయు పని ఆరంభించినది. ఇంటిలో అంత ఏర్పాటు అక్కరలేదు. ఒక పాత కుండీలో పువ్వులు, ఎండుటాకులు, కొంత మట్టి పొరలుగా వేసి తడుపుచుండిన కొన్ని నెలలకు ఎరువగును, అది మందారమునకే పోయవచ్చును. వేయుటకు ముందు దండల దారము తీసివేయవలెను. నైలానుదారము మట్టిలో ఏండ్ల తరబడి అట్లే ఉండును. అరటినారతో కట్టిన దండకు ఆ శ్రమ లేదు. తడినార పువ్వును వాడకుండ కాపాడును, పూజ పిదప పువ్వుతోపాటు తానును మన్నగును. గంప తల్లిని అడిగినచో నారతో కట్టియిచ్చువారు ఇప్పటికిని ఉన్నారు.